చిక్కుడుపూల వెలుగు

అరుణకుమారికి రాత్రి వచ్చిన కలని పొద్దున్న టీ తాగేలోపు వినేయాలి. భిలాయి ఉక్కు కర్మాగారం కాలనీలో, రుఆబాంధా సెక్టారులో ఆ వరస క్వార్టర్ల ఆడవాళ్ళందరికీ ఇది తెలుసు. ఆలస్యమైతే ఆవిడ పనిలో పడిపోతుంది, కల చల్లారిపోతుంది. పక్కింటి గౌరీదేవి పాలగిన్నె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో కూలబడేది. "ఏటి వదినా, రాత్రి ఎక్కడికెళ్ళొచ్చావు?" అని అడిగేది, ఊరెళ్ళి తిరిగొచ్చిన మనిషిని పలకరించినట్టు.

ఒకసారి సెక్టారు మొత్తాన్ని గూడ్సుబండి మీద ఎక్కించి తీసుకుపోతున్నారట. ఒక్కో వేగన్ మీద ఒక్కో క్వార్టరు. ఎవరి పొయ్యి మీద వాళ్ళ కూర ఉడుకుతూనే ఉంది, దండేల మీద బట్టలు ఆరుతూనే ఉన్నాయి. రాయగడ దగ్గర సిగ్నలు లేక బండి ఆగితే, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ జీడిమామిడి పళ్ళ బుట్టతో ఎక్కి, "జరగండర్రా, విజయనగరం దాకా నిలబడలేను" అందిట. ఇంకోసారి రేషన్ షాపులో పంచదార మానేసి మనుషుల గొంతులు తూస్తున్నారు. గౌరీదేవి గొంతు కిలోంబావు తూగింది. "అంతేనా!" అని గౌరీదేవి నిజంగానే అలిగి రెండ్రోజులు రాలేదు.

అరుణకుమారి భర్త బలరాం రైలు పట్టాలు చేసే మిల్లులో ఛార్జ్‌మన్. బొబ్బిలి దగ్గర్నుంచి పెళ్ళికి ముందే వచ్చి భిలాయిలో స్థిరపడ్డాడు. అతను ఏనాడూ కల చివరిదాకా వినలేదు. "పడుకున్న మనిషి పడుకోవాల గాని, ఈ తిరుగుళ్ళేటి?" అంటూ స్కూటరు తీసేవాడు. కూతురు భాగ్యరేఖ ఇక్కడే పుట్టింది. దుర్గ్ కాలేజీలో బీయస్సీ చదువుతోంది. ఆ పిల్లకి హిందీ నీళ్ళలా వస్తుంది, తెలుగు మాత్రం తడుముకోవాలి. తల్లి కలల్లో సగం మాటలు ఆమెకి అందేవి కావు. "జీడిమామిడి మతలబ్?" అని అడిగేది. అరుణకుమారి చేతులతో కాయ ఆకారం చూపించేది. ఆ పిల్లకి అర్థమయ్యేలోపు కల ఇంకో మలుపు తిరిగిపోయేది.

ఇలాంటి మనిషి కాబట్టే జబ్బు మొదలైనప్పుడు ఎవరూ పోల్చుకోలేదు.

అది తొంభై ఏడు ఎండాకాలం. చారులో పోపు వేస్తూ అరుణకుమారి గరిటె పట్టుకుని ఆగిపోయేది. ముందు బెల్లం మాడుతున్న వాసన వచ్చేది. ఇంట్లో బెల్లం ఉండేది కాదు. తర్వాత చుట్టూ ఉన్నదంతా మెత్తబడిపోయి, ఈ క్షణం ఇంతకుముందే అచ్చం ఇలాగే జరిగిపోయిందన్న నమ్మకం కలిగేది. కిటికీలో కాకి, కుళాయి చుక్క, వీధిలో ఎవరో పిల్లని పిలిచిన పిలుపు, అన్నీ ఒకసారి అయిపోయినవే. ఇంక ఒక్క అడుగేస్తే తర్వాత ఏం జరగబోతోందో కూడా తెలిసిపోతుందనిపించేది. అంతలోనే అన్నీ మామూలైపోయేవి. ఒంట్లో అలసట మిగిలేది. ఆ అలసట కూడా ఆవిడకి ఒక రకంగా తియ్యగానే ఉండేది.

"కలలకి రాత్రిపూట చోటు చాలట్లేదమ్మా. పగలు కూడా వచ్చేస్తన్నాయి" అని గౌరీదేవికి చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

జూన్‌లో తొలివాన పడిన మర్నాడు తల్లీకూతుళ్ళు బజారుకి వెళ్ళారు. అరుణకుమారి వంకాయలు ఏరుతూ తలెత్తి, "బుజ్జీ, బెల్లం వాసన" అంది. తర్వాత కుడిచెయ్యి బిగుసుకుపోయింది. బురదలో పడిపోయి కొట్టుకుంది. భాగ్యరేఖ తల్లి తలని ఒళ్ళో పెట్టుకుని హిందీలో, తెలుగులో, ఏ భాషో తెలియకుండా అరిచింది. కూరగాయలామె తన గొడుగు తీసి వాళ్ళిద్దరి మీదా పట్టింది.

స్కానులో తెలిసింది. ఎడమ చెవి వెనకాల, లోపల, నిమ్మకాయంత గడ్డ. నాగ్‌పూర్‌లో ఆపరేషన్ చేసి సగానికి పైగా తీశారు. మిగతాది మాటకీ జ్ఞాపకానికీ ఆనుకుని ఉందని కత్తి పెట్టలేదు. నెమ్మదిగా పెరిగే రకమన్నారు. వదిలేస్తే మాత్రం పెరుగుతుందన్నారు.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు అరుణకుమారికి హిందీ రాలేదు. ఇరవయ్యేళ్ళుగా బజారులో, బస్సుల్లో, వినాయకుడి పందిళ్ళలో మాట్లాడిన భాష ఎక్కడికో వెళ్ళి కూర్చుంది. నర్సు ఏదైనా అడిగితే, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు చెవి వొగ్గి వినేది. భాగ్యరేఖ మంచం పక్కన కూర్చుని తనకున్న తెలుగంతా కూడదీసుకునేది. "అమ్మా, నీకు నొప్పి ఉందా? ఎంత ఉంది? థోడా ఉందా, చాలా ఉందా?" అనేది. "థోడా" అనగానే తల్లి మొహం అయోమయంగా అయ్యేది. "కొంచెం" అన్న మాట కోసం ఆ పిల్ల కారిడార్‌లోకి పరిగెత్తి తండ్రిని అడిగి వచ్చేది. పది పన్నెండు రోజులకి హిందీ తిరిగొచ్చింది. ఈలోపు భాగ్యరేఖకి మాత్రం ఒక విషయం అర్థమైంది. అమ్మ అనే మనిషి ఎక్కడెక్కడో నిలవ ఉంటుంది. ఆ చోట్లలో ఏదో ఒకటి మూసుకుపోవచ్చు.

మిగిలిన గడ్డకి కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్ని అందరూ అలాగే అనేవాళ్ళు. దానికి రాయపూర్ వెళ్ళాలి. అక్కడి ఆసుపత్రిలో డాక్టర్ చంద్రాకర్ అని ఒకావిడ ఉండేది. చుట్టుపక్కల పల్లె మనిషే, జుట్టు సగం నెరిసింది. ఎదుటివాళ్ళకి అందేలా ఆగి ఆగి హిందీ మాట్లాడేది.

ఆవిడ ఎక్స్‌రే ఫిల్ము దీపం మీద పెట్టి చూపించింది. "రెండు పద్ధతులున్నాయి. తలంతటికీ కిరణాలు ఇవ్వొచ్చు. లేదా గడ్డకీ, దాని చుట్టూ కొంత మేరకీ మాత్రమే ఇవ్వొచ్చు."

"తలంతా ఇవ్వండి మేడమ్" అన్నాడు బలరాం వెంటనే. "మా మిల్లులో పట్టా మీద సన్న పగులు కనబడితే ఆ ముక్క ఒక్కటే కోసి ఊరుకోం. మొత్తం పట్టా పక్కన పడేస్తాం. లోపల ఇంకెక్కడ ఉందో ఎవరికి తెలుసు?"

డాక్టరమ్మ కొట్టిపారేయలేదు. "నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు చాలామందికి తలంతా ఇచ్చేవాళ్ళం. గడ్డ ఆగేది. మనిషి నడుచుకుంటూ ఇంటికెళ్ళేవాడు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వచ్చేవాడు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు. స్కాను బాగుండేది. ఆ మనిషే ఉండేవాడు కాడు. అందరికీ అలా అయిందనను. కొందరికి అయింది. ఈ గడ్డ ఒక్క చోటే ఉంది. ఎక్కువ చోటుకి ఇచ్చినందువల్ల ఎక్కువకాలం బతుకుతారని నాకెవరూ రుజువు చూపించలేదు."

"చూపించలేదంటే, కాదని కూడా చూపించలేదు గదా."

"నిజమే, అదీ చూపించలేదు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అరుణకుమారి అంతసేపూ ఫిల్ములో తన తలని చూస్తూ కూర్చుంది. తెల్లటి గీతలతో, పొగమంచులో ఉన్న ఊరిలా ఉంది.

"నా బుర్ర గురించి మీరిద్దరే మాట్లాడుకుంటన్నారేటి?" అంది తెలుగులో, భర్తతో. "పట్టాకేటి తెలుస్తాదండీ? తనమీంచి ఏ బండి పోతందో దానికి తెలీదు. నాకు తెలుస్తాది. ఇతను నా మొగుడు, ఇది నా కూతురు అని తెలిసుండాల. ఎవరో మంచోళ్ళు అన్నం పెడతన్నారు అనుకుంటా పదేళ్ళు బతకడం నాకొద్దు."

"అది కాదే, నువ్వుండాల గదా ముందు."

"అదే నేనూ అంటన్నాను. నేనుండాల."

బలరాం తలూపాడు. భాగ్యరేఖ కళ్ళు తుడుచుకుని, తల్లి అన్నది హిందీలో డాక్టరమ్మకి చెప్పబోయింది. "అక్కర్లేదమ్మా, అర్థమైంది" అంది డాక్టర్ చంద్రాకర్. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క కూడా రాదు.

ఆవిడ రంగు పెన్సిలుతో ఫిల్ము మీద ఎడమ పక్కన చిన్న గడి గీసింది. కిరణాలు ఇందులోనే పడాలి. కుడిపక్కకి పోకుండా సీసపు దిమ్మలు అడ్డం పెడతారు. మోతాదు రోజుకి కొంచెమే. ఎక్కువ మోతాదులో తొందరగా ముగించొచ్చు గాని, మంచి భాగానికి కోలుకునే వ్యవధి దొరకదు. ఆరువారాలు పడుతుంది. ఇంట్లో చెయ్యాల్సినవి కూడా చెప్పింది. ఫిట్స్ మాత్ర తప్పకూడదు. నిద్ర చెడకూడదు. చెయ్యగలిగిన పనులు ఆవిడనే చెయ్యనివ్వాలి. మాట్లాడిస్తూ ఉండాలి.

"ఏం మాట్లాడించమంటారు?" అంది భాగ్యరేఖ.

"ఆవిడకి ఇష్టమైనవి. పరీక్ష పెట్టినట్టు మాత్రం వద్దు."

ఆ వారమే మొహం అచ్చు తీశారు. జల్లెడలాంటి తెల్లటి ప్లాస్టిక్ రేకుని వేడినీళ్ళలో మెత్తబరిచి మొహం మీద పరిచారు. అది చల్లారుతూ ముక్కు, గడ్డం, నుదురు పట్టుకుని గట్టిపడింది. దాన్ని బల్లకి బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలదు. గడి చిన్నది కాబట్టి కదలకపోవడమే ముఖ్యం. బల్ల మీద పడుకున్న తల్లిని గాజు కిటికీలోంచి చూసి, ఆవిడ తన మొహం కిందే దాక్కుందనిపించింది భాగ్యరేఖకి.

అలా రాయపూర్ ప్రయాణాలు మొదలయ్యాయి. బలరాం మిల్లుకి వెళ్ళాలి కాబట్టి భాగ్యరేఖ కాలేజీ మానుకుని తీసుకెళ్ళేది. భిలాయి నగర్ స్టేషన్లో పొద్దున్న లోకల్ ఎక్కేవాళ్ళు. వానాకాలం కావడంతో కిటికీ బయట అంతా పచ్చగా తడిసి ఉండేది. కుమ్హారీ దాటాక ఖారూన్ నది మీద వంతెన వచ్చేది. ఎర్రటి నీళ్ళు వంతెన స్తంభాలని రాసుకుంటూ పోయేవి. బండి చప్పుడు మారగానే బోగీలో మాటలు కాసేపు ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దంలో అరుణకుమారి కల చెప్పేది.

మొదటిరోజు భాగ్యరేఖే అడిగింది. "అమ్మా, రాత్రి ఎక్కడికెళ్ళావు?"

అరుణకుమారి కూతురివైపు వింతగా చూసింది. ఇంట్లోవాళ్ళెవరూ ఎప్పుడూ అడగలేదు. "చెరువులోకి" అంది. "లోపల కూడా ఊరుందే. సెక్టార్లు గూడా ఉన్నాయి. చేపలు షిఫ్టుకి పోతన్నాయి. ఒక పెద్ద చేప మీ నాన్నలాగే హెల్మెట్ పెట్టుకుని, నాకేసి చూసి, టిఫినుడబ్బా ఏదీ అంది."

"నువ్వేమన్నావు?"

"అటుకులే ఉన్నాయి, సర్దుకో అన్నాను."

తిరుగు ప్రయాణంలో భాగ్యరేఖ ఆ కలనే మళ్ళీ చెప్పమంది. తల్లి చెప్పింది. అటుకులు కూడా ఉన్నాయి. భాగ్యరేఖ కిటికీవైపు తిరిగి ఊపిరి వదిలింది. అప్పట్నుంచి వెళ్ళేటప్పుడు కొత్త కల, వచ్చేటప్పుడు అదే కల మరోసారి. వింటున్న కొద్దీ భాగ్యరేఖకి తెలుగు పట్టుబడింది. కలల్లోంచి నేర్చుకున్న తెలుగు కాబట్టి అందులో ధరలూ లెక్కలూ లేవు. మసక, జారుడు, ఊగిసలాట, దొర్లిపోవడం లాంటి మాటలున్నాయి. ఇదేమీ వైద్యం కాదు. వైద్యమని డాక్టరమ్మ కూడా అనలేదు.

లోపల యంత్రం కింద పడుకున్నప్పుడు ఎలా ఉంటుందని అడిగితే అరుణకుమారి చాలాసేపు ఆలోచించి చెప్పింది. "నొప్పేమీ లేదే. అందరూ బయటికెళ్ళి తలుపేసేస్తారు. ఏదో గుయ్యిమంటాది. కళ్ళు మూసుకునే ఉంటానా, లోపల వెలుగొస్తాది. చిక్కుడుపూలు లేవూ, ఆ రంగు. పందిరంతా ఒక్కసారి పూసినట్టు. తర్వాత ఎవరో దీపం తీసేసినట్టు పోతాది."

"భయమేస్తుందా?"

"మొదట్లో వేసింది. ఇప్పుడు పూలు ఎప్పుడొస్తాయా అని చూస్తన్నాను."

జుట్టు ఎడమపక్క మాత్రమే రాలింది. మెత్తటి ఖాళీ చోటు ఒకటి గడి ఆకారంలోనే తేలింది. అరుణకుమారి కొంగు కప్పుకోవడం మర్చిపోయేది. బోగీలో ఆడవాళ్ళు చూసి చూపు తిప్పుకుంటే, "లోపల పందిరేశారమ్మా" అనేది, ఆ పల్లెల భాషైన ఛత్తీస్‌గఢీలో. ఏ పందిరో వాళ్ళకేమీ అర్థమయ్యేది కాదు.

నాలుగో వారంలో ఒకరోజు ఖారూన్ వంతెన దాటిపోయినా అరుణకుమారి నోరు తెరవలేదు.

"ఏంటమ్మా, కల?"

"చెప్తాను, ఉండు." కొంచెం ఆగి మొదలుపెట్టింది. "మనం దుర్గ్ వెళ్ళామంట. బట్టల షాపుకి. నీకో చీర కొన్నాను. బైటికొచ్చి రిక్షా మాట్లాడుకుని స్టేషన్‌కెళ్ళాం. బండి టయానికొచ్చింది. ఎక్కి ఇంటికొచ్చి, తాళం తీసుకుని, లోపలికెళ్ళి తలుపేసుకున్నాం."

భాగ్యరేఖ తల్లి మొహంలోకి చూసింది. "ఇది కల కాదు."

"కలే."

"ఝూఠ్. నీ కలల్లో బండి ఎప్పుడూ టైముకి రాలేదు. తాళం ఎక్కడ పెట్టారో ఎప్పుడూ ఎవరికీ గుర్తుండదు. నువ్వు అల్లావు."

అరుణకుమారి దొంగ దొరికినట్టు నవ్వబోయింది. "మూడ్రోజులైంది బుజ్జీ. పడుకుంటన్నాను, లేస్తన్నాను. మధ్యలో ఏటీ లేదు. నల్లటి పలకలాగుంది. నువ్వు ఎదురుచూస్తన్నావు గదా అని..."

తల్లి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని భాగ్యరేఖ ఏడ్చింది. ఎదుటి సీటులో పాలక్యానులు పెట్టుకున్న మనిషి లేచి వాకిలి దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ గది బయట కాపు కాసి మరీ పట్టుకుంది భాగ్యరేఖ. కలలు పోయాయని చెప్పింది. చిన్నవిషయమని కసురుకుంటారేమోనని భయం భయంగానే చెప్పింది. డాక్టర్ చంద్రాకర్ కసురుకోలేదు. అరుణకుమారిని పిలిచి కూర్చోబెట్టింది. వేళ్ళు కదిపించింది, బొమ్మలు చూపించి పేర్లు అడిగింది, చిన్న కథ చెప్పి తిరిగి చెప్పమంది. చివరికి కూతురివైపు తిరిగింది.

"వాపు తగ్గించే మందుకి నిద్ర ఇలా చెడుతుంది. పొద్దున్నకి మార్చుకుంటే సరిపోతుంది. ఇంతకీ కల అల్లిందన్నావు. తర్వాత అడిగితే మళ్ళీ అదే చెప్పిందా?"

"ఇంకా అడగలేదు."

"ఇప్పుడడుగు."

అరుణకుమారి చెప్పింది. దుర్గ్, చీర, రిక్షా, తాళం. ఒక్కటీ జారిపోలేదు.

"కల దానంతటదే వస్తుంది" అంది డాక్టరమ్మ. "లేనిదాన్ని వరసగా పేర్చి, ఎదుటిమనిషి బాధపడకూడదని నమ్మేలా చెప్పి, దాన్ని గుర్తు కూడా పెట్టుకోవాలంటే దానికి చాలా బుర్ర కావాలి. నీ తల్లి పూర్తిగా ఇక్కడే ఉంది." అరుణకుమారితో మాత్రం, "అబద్ధం కొంచెం బాగా ఆడండి. బండి టైముకి వచ్చిందంటే రాయపూర్‌లో కూడా ఎవరూ నమ్మరు" అంది. అప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వారు.

ఆరువారాలూ ముగిశాయి. మొహం అచ్చు ఇంటికి తీసుకెళ్తారా అని అడిగితే అరుణకుమారి వద్దంది.

దసరా వెళ్ళాక అసలు పరీక్ష వచ్చింది. అరుణకుమారి నిద్రలోకి జారిపోవడం మొదలుపెట్టింది. ముందు మధ్యాహ్నాలు, తర్వాత పొద్దుటి పూటలు. లేపి అన్నం పెడితే రెండు ముద్దలు తిని, మూడోది బుగ్గలో ఉండగానే కళ్ళు మూతపడేవి. పిలిస్తే ఎంతో దూరం నుంచి "ఊఁ" అనేది. వారం గడిచేసరికి ఇంట్లో ఆవిడ ఉందన్న సంగతి ఊపిరి చప్పుడు వల్లే తెలిసేది. గౌరీదేవి పాలగిన్నెతో గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయేది.

భాగ్యరేఖ రాయపూర్ వెళ్ళి అడిగొచ్చింది. కిరణాలు పడ్డ కొన్నివారాలకి ఇలాంటి నిద్ర వస్తుందనీ, మెదడులో నరాల పైపొర తిరిగి కట్టుకోవడానికి టైము పడుతుందనీ, చాలామందికి అదే తీరిపోతుందనీ డాక్టరమ్మ చెప్పి పంపింది. బలరాం నమ్మలేదు.

"గడ్డే మళ్ళీ లేచింది" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి. "తలంతా ఇవ్వమని నేనంటే విన్నారా? డాక్టరమ్మ అంది, మీ అమ్మ అంది. నేను ఒప్పుకున్నాను. నేనే ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"నాన్నా, అమ్మే కోరుకుంది."

"దానికేటి తెలుసే..." అని మధ్యలో ఆగిపోయాడు.

అతను సెలవు పెట్టాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాట్లాడిస్తూ ఉండమన్నారని కూతురు గుర్తుచేసింది. కాని ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను భార్యతో మాట్లాడిన మాటలన్నీ ఒక పనికి సంబంధించినవే. బియ్యం ఉన్నాయా, స్కూటర్ తాళమేదీ, అమ్మాయి వచ్చిందా. పని లేకుండా ఏం మాట్లాడాలో తెలియలేదు. గోడకేసి చూస్తూ మిల్లు గురించి మొదలుపెట్టాడు.

"పట్టా రోలర్లలోంచి ఎర్రగా వస్తాది, అరుణా. ఇంత పొడుగు. మన వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి ఉంటాది. దాన్ని తీసుకెళ్ళి చల్లారే మంచం మీద పడేస్తాం. మంచమనే అంటాంలే మేము. అక్కడ దాన్నెవరూ ముట్టుకోరు. అది చల్లారతా చల్లారతా దానంతటదే ఓ పక్కకి వంగుద్ది. పాములాగ. కొత్తగా చేరినప్పుడు చూసి, అయ్యో పాడైపోయింది అనుకున్నాను. మా సూపర్వైజరు సూర్యారావుగారు, ఆగరా అన్నారు. కాసేపటికి అది మళ్ళీ ఇటు తిరగడం మొదలెట్టింది. ఎరుపు పోతా ఊదారంగు వస్తాది. చూట్టానికి భలే ఉంటాది. అప్పుడెవరికైనా చెప్పాలనిపించేది. ఇంటికొచ్చేసరికి మర్చిపోయేవాణ్ణి."

అలా రోజూ చెప్పాడు. బొబ్బిలి స్టేషన్లో ట్రంకుపెట్టెతో బండి ఎక్కిన రోజు, మొదటిసారి కొలిమి వేడి మొహానికి తగిలినప్పుడు కళ్ళలో తిరిగిన నీళ్ళు, ఆవిడ కొత్తకోడలిగా వచ్చి భిలాయిలో ఆకాశం రాత్రిపూట కూడా ఎర్రగా ఉందేమిటని అడగడం. వంటింట్లో కూరలు తరుగుతూ భాగ్యరేఖ వినేది. తన తండ్రికి ఇన్ని మాటలు వచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

కార్తీకమాసం సగంలో ఒక సాయంత్రం, ఎండ కిటికీలోంచి మంచం దాకా పాకిన వేళ, అరుణకుమారి కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకోలేదు. పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న భర్తని కొంతసేపు చూసింది.

"ఏవండీ."

అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఆ పట్టా ఇటు తిరిగిందన్నారు గదా. తర్వాత తిన్నగా అయిందా, లేదా?"

బలరాం కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. "కొంచెం వంకరుంటాది" అన్నాడు. "పూర్తిగా తిన్నగా అవదు. మిషన్లో పెట్టి సరిచేస్తాం."

"ఆఁ. నేను దానిమీద కూర్చునున్నాను. వెచ్చగా ఉంది. మీరు చెప్తనే ఉన్నారు, బొబ్బిలి గురించి." అని, "ఆకలేస్తంది" అంది.

అతను వంటింట్లోకి వెళ్ళి, కూతురికి కనబడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అన్నం మాత్రం తనే కలిపి తెచ్చాడు.

అన్నీ తిరిగి రాలేదు. ఆపరేషన్‌కి ముందు ఏడాది కొన్ని చోట్ల చెరిగిపోయింది. ఆ ఏడాది గౌరీదేవి మనవరాలికి అన్నప్రాశన అయింది. ఫోటోలో తను పక్కనే ఉంది. అరుణకుమారికి మాత్రం గుర్తు లేదు. వంటింట్లో ఉప్పుడబ్బా కోసం అన్ని డబ్బాలూ తెరిచేది. వేగంగా హిందీ మాట్లాడితే మధ్యలో చెయ్యెత్తి ఆపి, "ధీరే, ధీరే" అనేది. మనుషులెవరూ చెరిగిపోలేదు. స్కానులో మిగిలిన మచ్చ పెరగకుండా ఉన్నచోటే ఉంది. కలలు తిరిగొచ్చాయి గాని, ఇదివరకటి కంటే పొట్టివి.

మరుసటి ఏడాది దసరా తర్వాత డాక్టరమ్మకి చూపించుకోవాల్సి వచ్చింది. మళ్ళీ కాలేజీకి వెళ్తున్న భాగ్యరేఖకి ఆ రోజు పరీక్ష. బలరాం సెలవు పెడతానన్నాడు. "నేనొక్కదాన్నే వెళ్తాను" అంది అరుణకుమారి. పెద్ద గొడవే అయింది. చివరికి ఆమె మాటే నెగ్గింది. భాగ్యరేఖ పొద్దున్నే బండెక్కించింది. మధ్యాహ్నం తిరిగొచ్చే లోకల్‌కి బలరాం స్టేషన్‌కెళ్ళి నిలబడ్డాడు. బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆమె దిగలేదు.

ఆమె రెండు స్టేషన్ల ముందే దిగిపోయిందని అతనికేం తెలుసు? భిలాయి-3 అనే పేటలో ఉన్న స్టేషన్ బోర్డు మీద భిలాయి అనే రాసి ఉంటుంది. కొత్తవాళ్ళు రోజూ పొరబడతారు. బండి కదిలిపోయాక అరుణకుమారి ప్లాట్‌ఫారం మీద నిలబడి చుట్టూ చూసింది. ఇది తన స్టేషన్ కాదు. కాని తెలిసిన చోటులాగే ఉంది. అంతలో పాత మెత్తదనం ముంచుకొచ్చింది. ఈ బెంచీ, ఈ వేపచెట్టు నీడ, ఈ కుక్క నడక, అన్నీ ఇంతకుముందే అయిపోయినవే. ఆ తియ్యదనంలోకి జారిపోతే హాయిగానే ఉంటుంది. ఆమె సంచిని గట్టిగా గుండెకి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పోనీ, పోతుంది, అనుకుంది. అది పోయింది.

హిందీ మాత్రం రాలేదు. అడగాల్సిన ప్రశ్న నోట్లో ఉంది, మాటలు లేవు. సీతాఫలాల గంపతో ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. అరుణకుమారి పట్టాలవైపు చెయ్యి చూపించింది. "దాయీ... రుఆబాంధా" అంది. దాయీ అంటే అక్కడివాళ్ళ భాషలో అమ్మ. అంతే అనగలిగింది.

ముసలామె ఆమె తలమీది ఖాళీ చోటునీ మొహాన్నీ చూసింది. తన పక్కన చోటు చూపించింది. తర్వాత బండి వచ్చినప్పుడు గంప తలకెత్తుకుంటూ, చెయ్యి ఊపి తనతో ఎక్కమంది. ఆమె కూడా భిలాయి నగర్‌లోనే దిగే మనిషట.

సాయంత్రమైంది. స్టేషన్లో, బస్సుల దగ్గర, ఆటోల దగ్గర వెతికి వెతికి బలరాం ఇంటికొచ్చాడు. పరీక్ష రాసొచ్చిన కూతుర్ని వెనకాల ఎక్కించుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళబోతూ స్కూటరు తన్నుతున్నాడు. అది అంటుకోవట్లేదు. వీధి మలుపులో ఆటో ఆగి అరుణకుమారి దిగింది. చేతిలో సంచి నిండా సీతాఫలాలు.

"భిలాయి మూడులో దిగిపోయాను" అంది దగ్గరికొస్తూ. "బోర్డు సరిగ్గానే చదివాను. బోర్డే అలాగుంది."

భాగ్యరేఖ పరిగెత్తి పట్టుకుంది. బలరాం స్కూటర్ మీంచి దిగలేదు. "డాక్టరమ్మ ఏమంది?" అన్నాడు అక్కణ్ణుంచే.

"మచ్చ అలాగే ఉందంది. మళ్ళీ ఆర్నెల్లకి రమ్మంది. అప్పుడు కూడా ఒక్కదాన్నే వస్తానని చెప్పీసాను." సంచి కూతురికిచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పుకుంది. "మెత్తబడ్డవి ముందు తినీండి. రేపటికుండవు."